ఆకలిని గద్దించకండి, అన్నం పెట్టండి

(రేడియో ప్రసంగ పాఠం)
ధ్యాన వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 17:16-34

 

మన సంఘాల్లో తల్లిదండ్రులు తరచుగా అడిగే ఒక ప్రశ్నతో ధ్యానం మొదలుపెడదాం. "అయ్యగారూ, మా పిల్లవాడు బైబిలు తెరిస్తే పది వచనాలకే ఆవులిస్తాడు. అదే మాయల నవల చేతికిస్తే, ఏడు వందల పేజీలున్నా సరే, దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని రాత్రి రెండింటి దాకా చదువుతాడు. అవి చదవనివ్వవచ్చా? లాక్కోవాలా?"

హ్యారీ పాటర్, నార్నియా, పెర్సీ జాక్సన్. ఈ పేర్లు మీ ఇంట్లోనూ వినబడుతుండవచ్చు. వీటిని ఫాంటసీ నవలలు అంటారు. మాట్లాడే జంతువులు, మంత్రదండాలు, వేరే లోకాలకు తెరుచుకునే తలుపులు, వాటి మధ్యలో మన పిల్లల ఈడు పిల్లలు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997 జూన్ 26న ఇంగ్లండులో వెలువడినప్పుడు గట్టి అట్టతో అచ్చువేసింది 500 ప్రతులే. ఆ ఏడు పుస్తకాలు కలిపి ఇప్పటికి 60 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. కోట్లమంది పిల్లలు ఒకే గుమ్మం దగ్గర గుమిగూడారంటే లోపల ఏదో వడ్డిస్తున్నారన్నమాట. ఏమి వడ్డిస్తున్నారో చూడకుండా పిల్లల్ని చెయ్యిపట్టి లాగితే వాళ్లు వస్తారు గాని, ఆకలితోనే వస్తారు.

అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణానికి వెళ్లినప్పుడు ఏమి చేశాడో గమనించండి. ఊరంతా విగ్రహాలే. ఆయన ఆత్మ లోలోపల మండిపోయింది. అయినా అరేయొపగు మధ్య నిలబడి ఆయన రాళ్లు విసరలేదు. ఆ ఊరిలో తిరిగి, వాళ్ల బలిపీఠాలను పరిశీలనగా చూసి, తెలియబడని దేవుని పేరట కట్టిన ఒక బలిపీఠం దగ్గర మాట అందుకున్నాడు. మీరు ఎవరో తెలియక వెదుకుతున్నవాణ్ణి నేను మీకు ప్రకటిస్తున్నానన్నాడు. వాళ్ల కవుల మాటను కూడా తన ప్రసంగంలో వాడుకున్నాడు. పౌలు విగ్రహాన్ని ఒప్పుకోలేదు, విగ్రహం వెనుక ఉన్న ఆకలిని మాత్రం గుర్తుపట్టాడు. మన పిల్లల పుస్తకాల అరముందు మనం నిలబడవలసిన తీరు ఇదే. ఆ పుస్తకాల్లో నాకు మూడు ఆకలులు కనబడుతున్నాయి.

మొదటిది, పిలుపు కోసం ఆకలి.

హ్యారీ పాటర్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింది ఇరుకు గదిలో పడుకుంటాడు. అన్నీ వాళ్లబ్బాయి వాడి వదిలేసిన బట్టలే. పదకొండో ఏడు రాబోతుండగా అతనికి ఒక ఉత్తరం వస్తుంది. దానిమీద అతని పేరు, అతను పడుకునే ఆ మెట్ల కింది గదితో సహా చిరునామా రాసి ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లల గుండె ఆ పేజీలో ఎందుకు ఝల్లుమంటుందో ఆలోచించండి. 'నేను ఎవరికీ పట్టనివాణ్ణి అనుకున్నాను, నా పేరూ నేనున్న మూలా తెలిసినవారు ఒకరున్నారు.' మాయకంటె ముందు ఆ పిల్లల్ని పట్టుకున్నది ఇదే.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో రిక్ రియోర్డన్ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన కొడుక్కి చదువు తలకెక్కేది కాదు. అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా, నిలకడగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ, రెండూ ఉన్నాయని తేలింది. ఆ తండ్రి రాత్రి పడుకునే ముందు కొడుక్కి కథలు చెప్పేవాడు. ఆ రెండు లోపాలూ ఉన్న అబ్బాయినే కథానాయకుణ్ణి చేశాడు. వాటివల్లనే అతను గొప్ప పనికి ఏర్పడ్డవాడని తెలిసేటట్టు కథ అల్లాడు. 2005లో అచ్చయిన పెర్సీ జాక్సన్ మొదటి నవల అలా పుట్టింది. అందులో ఉన్నది గ్రీకుల దేవతల కథలు. వాటిని మనం నమ్మము. కాని ఆ తండ్రి చేసిన పని చూడండి. పదిమంది వెక్కిరించే కొడుకును మంచం పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు పనికిరానివాడివి కావని ప్రతి రాత్రీ చెప్పాడు.

ప్రియులారా, ఈ మాట చెప్పడానికి మనకు గ్రీకు కథలు కావాలా? నోటిమాంద్యమున్న మోషేను దేవుడు పిలిచాడు. నేను బాలుణ్ణి అన్న యిర్మీయాను పిలిచాడు. తండ్రే లెక్కలోకి తీసుకోకుండా గొఱ్ఱెల దగ్గర వదిలేసిన దావీదును పిలిపించాడు. చిరునామా సంగతికి వస్తే, దమస్కులో తిన్ననిదనే వీధిలో యూదా ఇంట్లో సౌలు ఉన్నాడని ప్రభువు అననీయకు చెప్పాడు. కొర్నేలీకి, సముద్రపు ఒడ్డున చర్మకారుడైన సీమోను ఇంట్లో పేతురు ఉన్నాడని తెలిపాడు. మేడిచెట్టు మీద ఆకుల్లో దాక్కున్న జక్కయ్యను యేసు పేరుపెట్టి పిలిచాడు. మన దేవునికి వీధి తెలుసు, ఇల్లు తెలుసు, నువ్వెక్కిన కొమ్మ తెలుసు.

మరి ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు? మార్కులు ఎన్నో మనకు తెలుసు. ప్రవేశ పరీక్ష ర్యాంకు ఎంతో చుట్టాలందరికీ తెలుసు. పక్కింటి పిల్లతో పోల్చడం తెలుసు. 'దేవుడు నిన్ను పేరుపెట్టి పిలిచాడు నాయనా' అని ఇంట్లో చివరిసారి ఎప్పుడు అన్నాం? మనం అనకపోతే ఆ ఉత్తరం కోసం పిల్లవాడు నవల తెరుస్తాడు.

రెండవది, పోరాటంలో పాలు కోసం ఆకలి.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, బాంబుల భయంతో లండను పిల్లల్ని పల్లెలకు, వేరే పట్టణాలకు పంపించారు. ఆక్స్‌ఫర్డు దగ్గర సి.ఎస్. లూయిస్ అనే అధ్యాపకుడి ఇంటికి కూడా అలా కొందరు పిల్లలు వచ్చారు. 1950లో ఆయన రాసిన నార్నియా మొదటి పుస్తకం అటువంటి నలుగురు పిల్లలతోనే మొదలవుతుంది. పెద్దల యుద్ధంలో అడ్డమని పక్కకు పంపించేసిన పిల్లలు వాళ్లు. నార్నియాలో అడుగుపెట్టగానే, మీ కోసమే ఇక్కడ ఎదురుచూస్తున్నామన్న మాట వింటారు. ఒకరి చేతికి కత్తి, డాలు వస్తాయి. ఒకరికి విల్లు, కొమ్ముబూర వస్తాయి. చిన్నపిల్లకు గాయాలు మాన్పే మందు దొరుకుతుంది. ఆయన రేడియో ప్రసంగాల పుస్తకం పెద్దలు చదివారు గాని, ఈ పుస్తకం మాత్రం పిల్లల చేతుల్లో నలిగింది. పిల్లలకు భద్రత ఒక్కటే చాలదని, ప్రయోజనం కూడా కావాలని లూయిస్‌కు తెలుసు.

మన సంఘంలో యౌవనస్థుడికి ఏ పని ఇస్తున్నాం? కుర్చీలు వెయ్యి, మైకు సరిచెయ్యి, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టు. ఇవి మంచి పనులే, కాదనను. కాని వీటికోసం ఎవరూ రాత్రి రెండింటి దాకా మేలుకోరు.

పౌలు చెల్లెలి కొడుకో అక్క కొడుకో, పేరుకూడా తెలియని ఒక పడుచువాడు అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో కనబడతాడు. నలభైమందికి పైగా యూదులు పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టుపెట్టుకున్నారు. ఆ కుట్ర ఈ పడుచువాడి చెవిన పడింది. కోటలోకి వెళ్లి మేనమామకు చెప్పాడు. పౌలు వాణ్ణి 'పిల్లవాడివి, నీకెందుకు' అనలేదు. సహస్రాధిపతి దగ్గరకు పంపించాడు. ఆ రోమా అధికారి వాణ్ణి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకువెళ్లి, చెప్పమని అడిగి, మొత్తం విన్నాడు. ఆ రాత్రే సైన్యం కదిలింది. పౌలు బ్రతికాడు. ఒక పెద్దాయన ఒక పిల్లవాడి మాట ఆగి విన్నందువల్ల ఎన్ని పత్రికలు మనకు మిగిలాయో ఆలోచించండి. నయమాను ఇంట్లో చెరపట్టబడిన చిన్నపిల్ల మాట అటువంటిదే. అయిదు రొట్టెల బాలుడి సంచి అటువంటిదే.

జబ్బుగా ఉన్న ముసలమ్మ ఇంటికి వారానికోసారి వెళ్లి వాక్యం చదివి వినిపించే బాధ్యత మీ పదో తరగతి పిల్లకు ఇవ్వండి. చదువు మానేసే స్థితిలో ఉన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి లెక్కలు చెప్పే పని మీ ఇంటర్ కుర్రవాడికి అప్పగించండి. నిజమైన బరువు భుజాన పడినప్పుడు నిజమైన కథలో తానున్నానని వాడికి తెలుస్తుంది.

మూడవది, మరణాన్ని జయించేవాడి కోసం ఆకలి.

ఇది మనం పైకి మాట్లాడని సంగతి. ఈ కథలు రాసిన పెద్దల జీవితాలు చూస్తే నాకొక విషయం కనబడింది. టోల్కీన్‌కు నాలుగేళ్లప్పుడు తండ్రి, పన్నెండేళ్లప్పుడు తల్లి పోయారు. జె.కె. రౌలింగ్ హ్యారీ పాటర్ రాయడం మొదలుపెట్టిన కొద్ది నెలలకే, 1990 డిసెంబరులో, ఆమె తల్లి 45 ఏళ్లకే చనిపోయింది. లూయిస్ తల్లి 1908లో క్యాన్సరుతో కన్నుమూసింది. అప్పుడతనికి తొమ్మిదేళ్లు. అమ్మ బాగుపడాలని ఆ పిల్లవాడు ప్రార్థన చేశాడు. అమ్మ బాగుపడలేదు. పెరిగేకొద్దీ విశ్వాసం కూడా పోయింది.

నలభై ఏడేళ్ల తరువాత, 1955లో, నార్నియా వరుసలోని ఒక పుస్తకంలో లూయిస్ ఒక అబ్బాయి కథ రాశాడు. వాళ్లమ్మ మంచాన పడి ఉంది. అతను అస్లాన్ అనే సింహం ముందు నిలబడి, అమ్మకు ఏదైనా ఇవ్వవా అని బతిమాలుతాడు. తల ఎత్తి చూస్తే సింహం కళ్లలో అతని కన్నీళ్లకంటె పెద్ద కన్నీళ్లు ఉంటాయి. ప్రియులారా, లూయిస్ ఆ కన్నీళ్లు ఎక్కడ చూశాడు? బేతనియలో లాజరు సమాధి దగ్గర చూశాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా మన ప్రభువు ఏడ్చాడు.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చినప్పుడు మన సంఘాల్లోనూ తల్లినో తండ్రినో తాతనో పోగొట్టుకున్న పిల్లలున్నారు. కొందరికి కడసారి చూపు కూడా దక్కలేదు. వాళ్లకు మనం ఏమి చెప్పాం? 'దేవుని చిత్తం, ఏడవకు' అన్నాం. యేసు ఏడ్చిన చోట పిల్లల్ని ఏడవవద్దన్నాం. ఆ పిల్ల తన దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఏడవడం తెలిసిన ఒక పుస్తకంలో పెట్టుకుంది.

ఇంకొక సంగతి వినండి. 2007లో వచ్చిన హ్యారీ పాటర్ చివరి పుస్తకంలో, క్రిస్మస్ ముందు రాత్రి ఆ అబ్బాయి ఒక చర్చి ఆవరణలోని సమాధుల మధ్యకు వెళతాడు. అక్కడ రెండు సమాధుల మీద రెండు వాక్యాలు చెక్కి ఉంటాయి. ఒకటి మత్తయి 6:21, మన ధనం ఉన్నచోటనే మన హృదయం ఉంటుందన్న ప్రభువు బోధ. రెండవది అతని తల్లిదండ్రుల సమాధి మీద, 1 కొరింథీయులకు 15:26, మరణమనే ఆఖరి శత్రువు కూడా నాశనమవుతుందన్న పౌలు నిరీక్షణ. ఆ పుస్తకాలన్నిటి సారం దాదాపు ఆ రెండు వాక్యాల్లో ఉందని రచయిత్రి 2007 అక్టోబరులో విలేఖరులతో అన్నది. కోట్లమంది పిల్లలు ఆ వాక్యాలు చదివారు. అవి ఎక్కడివో అందులో రాసి లేదు. చెప్పవలసినవాళ్లం మనం. ఆ పుస్తకం మనం తెరవకపోతే ఆ మాట ఎలా చెప్తాం?

ఇప్పుడు కొందరు అడుగుతారు: "మంత్రవిద్య హేయమని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చెప్పలేదా? ఎఫెసులో పుస్తకాలు కాల్చలేదా?" తప్పక చెప్పింది, తప్పక కాల్చారు. దేవుడు నిషేధించినదాన్ని నేను సడలించను. జాతకం, సోదె, చచ్చినవారితో మాట్లాడటం, తాయెత్తు, ఇవి కథలో కాదు, నడతలోకి వస్తే పాపమే. మీ పిల్లలు అటువైపు అడుగు వేస్తుంటే కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పండి. అయితే ఎఫెసు సంగతి మళ్లీ చదవండి. మాంత్రిక విద్య స్వయంగా చేసినవాళ్లు, యేసును నమ్మిన తరువాత, తమ పుస్తకాలు తామే తెచ్చి కాల్చారు. వాటి వెల 50,000 వెండి రూకలు. ఎవరూ పక్కవాడి సంచి వెదకలేదు. 2001 డిసెంబరు 30న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో అనే ఊరిలో ఒక సంఘం హ్యారీ పాటర్ పుస్తకాలను మంటల్లో వేసింది. లోకమంతా ఆ మంటను చూసింది. పుస్తకాలేమో ఇంకా అమ్ముడుపోయాయి.

మరొక మాట, కోపగించుకోకండి. పిల్లవాడి నవలను మంత్రాల పుస్తకమని లాక్కుంటాం. అదే ఇంట్లో కొత్త బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెడతాం. గుమ్మానికి మిరపకాయల దండ కడతాం. పెళ్లికి అయ్యగారి ప్రార్థనతోపాటు చాటుగా ముహూర్తం కూడా చూపిస్తాం. పిల్లవాడు కల్పన అని తెలిసి చదువుతున్నాడు. మనం నిజమని నమ్మి కడుతున్నాం. ద్వితీయోపదేశకాండము ఎవరిని ముందు గద్దిస్తుందో మనమే తేల్చుకోవాలి.

అద్భుత కథ మనకు కొత్త కూడా కాదు. ఈనాటి అమ్మమ్మలు, తాతయ్యలు చందమామలో బేతాళ కథల కోసం నెలంతా ఎదురుచూసినవాళ్లే. 1951లో వచ్చిన పాతాళభైరవి చూసి వచ్చినవాళ్లే. ఇక మన పాతకాలపు విశ్వాసుల ఇళ్లలో బైబిలు పక్కనే ఉండిన యాత్రికుని ప్రయాణము సంగతేమిటి? జాన్ బన్యన్ సువార్త ప్రకటించినందుకు పన్నెండేళ్లు చెరలో ఉన్నాడు. 1678లో వచ్చిన ఆ పుస్తకంలో రాక్షసులున్నారు, కోటలున్నాయి, రెక్కల అపొల్లుయోను ఉన్నాడు. నాతాను ప్రవక్త కూడా దావీదు రాజు దగ్గరకు ఆజ్ఞలతో వెళ్లలేదు, ఒక గొఱ్ఱెపిల్ల కథతో వెళ్లాడు. కథ ఒక పాత్ర. అందులో ఏమి పోశారన్నదే ప్రశ్న.

కాబట్టి పరీక్షించండి. అన్ని పుస్తకాలూ ఒకటి కావు. అధికారం దక్కితే ఏదైనా చేయవచ్చని నేర్పే కథ ఉంది. ప్రేమ కోసం ప్రాణం పెట్టడమే గొప్ప అని చెప్పే కథ ఉంది. క్రూరత్వాన్ని, అపవిత్రతను తియ్యగా చూపించే కథలు కూడా ఉన్నాయి. వాటిని వద్దనండి, ఎందుకో చెప్పి మరీ వద్దనండి. అలా చెప్పాలంటే ముందు మీరు చదవాలి. చదివిన తరువాత పిల్లల్ని ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో నీకు ఎవరంటే ఇష్టం? ఎక్కడ ఏడుపు వచ్చింది? ఇటువంటివాడు నిజంగా ఉంటే నువ్వేమి చేస్తావు? ఆ మూడో ప్రశ్న దగ్గర సువార్తకు తలుపు తెరుచుకుంటుంది.

1955లో అమెరికాలో ఒక తల్లి ఆ పనే చేసింది. ఆమె తొమ్మిదేళ్ల కొడుకు నార్నియా చదివి బెంగపెట్టుకున్నాడు. యేసుకంటె అస్లాన్‌ను ఎక్కువగా ప్రేమిస్తున్నానేమోనని వాడి భయం. ఆ తల్లి పుస్తకం దాచేయలేదు. నేరుగా లూయిస్‌కు ఉత్తరం రాసింది. ఆయన జవాబిచ్చాడు. అస్లాన్‌లో ఆ పిల్లవాడు ప్రేమిస్తున్న పనులు, మాటలు నిజానికి యేసు చేసినవి, పలికినవే గనుక, వాడు ప్రేమిస్తున్నది యేసునేనని ధైర్యం చెప్పాడు. ఆ పిల్లవాడి భయాన్ని ఆ తల్లి ఎంత గౌరవించిందో చూడండి.

ఆ జవాబు లూయిస్ ఎలా ఇవ్వగలిగాడు? 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, ఇంకొక స్నేహితుడు ఆయనతోపాటు కాలేజీ తోట బాటలో నడుస్తూ చాలా పొద్దుపోయేదాకా మాట్లాడారు. చచ్చి తిరిగి లేచే దేవుని కథలంటే లూయిస్‌కు ఎప్పుడూ ఇష్టమే, కాని అవి కల్పనలని ఆయన నమ్మకం. ఆ కథలన్నీ వెదికినది ఒకసారి చరిత్రలో నిజంగా జరిగిందని స్నేహితులు చూపించారు. కొద్దిరోజులకే ఆయన యేసును దేవుని కుమారుడని నమ్మాడు. పుస్తకానికీ సువార్తకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. నార్నియా తలుపును మనం తట్టలేము. కాని పొంతి పిలాతు అనే అధిపతి ఉన్నాడు, యెరూషలేము అనే ఊరుంది, ఆదివారం తెల్లవారుజామున ఖాళీగా కనబడిన సమాధి ఉంది. తోమా చెయ్యి పెట్టమని పిలువబడిన గాయాలు ఉన్నాయి.

యౌవన సహోదరుడా, సహోదరీ, చివరిగా నీతో ఒక మాట. ఆ పుస్తకం ఆఖరి పేజీ తిప్పిన తరువాత నీ గుండెలో ఒక వెలితి మిగులుతుంది. మళ్లీ మొదటినుండి చదివినా అది తీరదు. ఆ వెలితిని చూసి సిగ్గుపడకు. నిన్ను పేరుపెట్టి పిలిచేవాడు, నీకు పని అప్పగించేవాడు, నీ మరణాన్ని తన మరణంతో ఓడించినవాడు ఉన్నాడు. ఆయన కథలో నీకోసం ఒక చోటు ఖాళీగా ఉంది. ఈ రాత్రి ఆ టార్చిలైటు వెలుగులోనే మార్కు సువార్త ఒక్కసారి మొదటినుండి చివరిదాకా, కథ చదివినట్టు చదివి చూడు. అది పదహారు అధ్యాయాలే. ఆపబుద్ధి కాదు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డల ఆకలిని మాకు చూపించు. వాళ్లను గద్దించేముందు వాళ్లతో కూర్చునే ఓపిక మాకివ్వు. అమ్మనో నాన్ననో పోగొట్టుకుని ఎవరికీ చెప్పుకోలేని బిడ్డల పక్కన నీవే కూర్చో. నీ కుమారుని సత్యమైన కథను మా ఇళ్లలో ఆనందంగా చెప్పుకునే కృప దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ పిల్లలను దీవించును గాక.